నూట పన్నెండు శాతం హాజరు

అమెరికాలో ట్రాయ్ దగ్గరి కాలేజీలో డేటా పాఠాలు చెప్పే మృదులకు, విద్యార్థులు లెక్కలను చార్టులుగా పేర్చి తెచ్చే డాష్‌బోర్డులకు మార్కులు వేయాలంటే విసుగు.

ఈసారి ఒక బడి పిల్లల హాజరు చూపించమంది. హైదరాబాద్ నుంచి ఎమ్మెస్‌కి వచ్చిన విశాల్ ఆరు రంగురంగుల చార్టులు తెచ్చాడు. ఏడో తరగతి హాజరు నూట పన్నెండు శాతం!

"ఉన్న పిల్లలకంటే వచ్చినవాళ్లు ఎక్కువెలా అవుతారయ్యా?"

"మేడమ్, ఆరు చార్ట్స్ అడిగారు, పెట్టాను. నంబర్ కరెక్ట్‌గా ఉండాలని రూబ్రిక్‌లో ఎక్కడుంది?"

మార్కులు దేనికెన్నో చెప్పే ఆ రూబ్రిక్ పట్టికలో ఎక్కడా లేదు. రంగులకు ఐదు, ఫాంటుకు ఐదు, ఒక్కో చార్టుకు పదిహేను. ఇదెవరి నిర్వాకమని తిట్టడానికీ లేదు. మార్కుల గొడవలు రాకూడదని, చూసి లెక్కపెట్టగలిగేవే ఏరి ఆ పట్టిక చేసింది తనే. ఛీ అనుకుంటూ వందకు వంద వేసింది.

తర్వాత అదే క్లాసులోని జాహ్నవి చేసిన డాష్‌బోర్డు తెరిచింది. ఐదే చార్టులు. ఆరోదాని చోట, "ఏడో తరగతి డేటాలో కొన్ని పేర్లు రెండుసార్లు పడ్డాయి. బడివాళ్లను అడిగేదాకా ఈ చార్టు గీయను" అని రాసి ఉంది.

మృదుల ఆ రెండు వాక్యాలు మళ్లీ చదివింది. పట్టిక ప్రకారం పదిహేను మార్కులు కోసి, కారణం అడిగిన గడిలో "పని అసంపూర్తి" అని టైప్ చేసింది.