బుడగలు ఆగాక

నందిగామ బయల్దేరే ముందు జగ్గయ్యపేటలో తమ్ముడు తన కారుకి కొత్త హోస్ పైపు బిగించి, రేడియేటర్ మూత తీసే ఉంచి ఇంజన్ ఆన్ చేశాడు. లోపల ఇరుక్కున్న గాలి బుడబుడమంటూ పైకి రాసాగింది. ఎన్నాళ్లకి విన్నానో ఆ చప్పుడు!

మొదటిసారి విన్నప్పుడు వీడు చంటిపిల్లాడు. జ్వరంతో అమ్మ ఒళ్లో మూలుగుతున్నాడు. నందిగామ ఆసుపత్రికి వెళ్తుంటే దారిలో హోస్ పగిలింది. ఇంజన్ చల్లారాక నాన్న డిక్కీలో ఉన్న కొత్తది వేసి, ఇలాగే మూత తీసి నీళ్లు పోశాడు. ఆ బుడగలు కారు ఊపిరి అనుకున్నాను. కాసేపటికి అవి ఆగిపోయాయి. అప్పుడే తమ్ముడి మూలుగూ ఆగింది.

"నాన్నా, కారు చచ్చిపోయింది!" అని ఏడ్చాను.

"పిచ్చిదానా, తొట్లో చెంబు ముంచితే బుడబుడమని, నిండాక ఊరుకోదూ? గాలంతా పోయింది. ఎక్కు, పోదాం."

నేను నమ్మలేదు. నందిగామ దాకా తమ్ముడి ముక్కు కింద వేలు పెట్టుకునే కూర్చున్నాను. వెచ్చటి ఊపిరి తగులుతూనే ఉంది.

అమ్మ చెప్పి చెప్పి వాడికీ తెలిసిన కథే ఇది. ఇవాళ బుడగలు ఆగగానే మూత బిగించి నవ్వాడు.

"ఎక్కక్కా. కావాలంటే ముక్కు కింద వేలు పెట్టుకో."

నందిగామ దాకా వాడు నోరు మూస్తే ఒట్టు. నా వేలికి పనే లేకపోయింది.