ఒక ఊపిరి అంటే ఎంత

మా పాపకు తొమ్మిదో నెలలో మొదటిసారి గట్టిగా జలుబు చేసింది. బిడ్డను పెంచడంలో నాకప్పటికి ఉన్న అనుభవమూ అంతే, తొమ్మిది నెలలు. భయపడటంలో మాత్రం చాలా ఏళ్ల అనుభవం ఉంది.

పాపకు ముక్కు కారడం మొదలైన రెండో రోజు పొద్దున, ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని పక్కన కూర్చున్నాను. దగ్గు, జలుబు ఉన్న పిల్లలు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో చూడాలనీ, ఏడాదిలోపు పిల్లల్లో అది యాభైకి చేరితే ఆలస్యం చేయకూడదనీ మా బస్తీ దవాఖాన గోడ మీద చదివాను. టీకాల రోజు అక్కడ చదవడానికి అది తప్ప ఇంకేమీ లేదు. పాప పొట్ట లేస్తోంది, దిగుతోంది. లెక్కపెట్టాను. ఎనభై నాలుగు. మళ్ళీ లెక్కపెట్టాను. ఎనభై ఆరు.

మా ఆయన డ్యూటీకి వెళ్ళారు. ఇంట్లో నేను, మా అత్తమ్మ.

"అత్తమ్మా, ఎనభై నాలుగు ఉన్నది."

"ఏంది ఎనభై నాలుగు?"

"పాప ఊపిరి."

అది ఎక్కువో తక్కువో ఆమెకు తెలియదు. కానీ నా ముఖం చూసింది. వెంటనే ఫోన్ తీసి, మా చర్చి ఆడవాళ్ళ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టింది: "మా మనవరాలికి ఊపిరి ఎనభై నాలుగున్నదట. అందరు ప్రార్థనల పెట్టుండ్రి." మేం ఆటో ఎక్కేలోపే ఆరుగురు ఆమెన్ అన్నారు.

నేను నేరుగా పెద్ద దవాఖానకు పోదామన్నాను. "మన బస్తీ దవాఖాన తొవ్వలనే ఉన్నది గద. సిస్టర్‌కు చూపెట్టి పోదాం" అని అత్తమ్మ ఆటో ఆపించింది.

ఆ రోజు డాక్టరు గారు ఏదో మీటింగుకు వెళ్ళారు. రోగులను చూస్తున్నది సిస్టరే. నెక్కొండ నుంచి పొద్దుటి రైలులో వస్తుంది. జడ ఇంకా తడిగానే ఉంది, టిఫిన్ బాక్సు సంచి కిటికీ ఊచకు వేలాడుతోంది. నాకంటే చిన్నది. అది చూసి నా భయం ఇంకొంచెం పెరిగింది.

నేను నోట్‌బుక్ ఆమె ముందు పెట్టాను. గంట గంటకూ గడులు గీసి జ్వరం, పాలు రాశాను, చివరి గడిలో ఊపిరి.

"మా కోడలు లెక్కల్ల డిగ్రీ చేసింది సిస్టర్" అంది అత్తమ్మ. అది పొగడ్తో దెప్పుడో అప్పుడు తెలియలేదు.

ఎనభై నాలుగు చూసి సిస్టర్ చేతిలో పెన్ను పక్కన పెట్టేసి, ముందు పాప గౌను పైకి లేపి డొక్కల దగ్గర చాలాసేపు చూసింది.

"లోపటికి గుంజుకపోతలేదు. పాలు తాగుతాందా అక్కా?"

"తాగుతాంది. ముక్కు బందై నడుమ నడుమ వదిలిపెడుతాంది."

"కక్కుతాందా? మత్తుగ పడి ఉంటాందా?"

"మత్తా?" అంది అత్తమ్మ. "పొద్దుగాల నా కండ్లద్దాలు గుంజి నోట్లె పెట్టుకున్నది."

సిస్టర్ అది కూడా రాసుకుంది. నాకు కొంచెం కోపం వచ్చింది. నేను ఎనభై నాలుగు చూపిస్తుంటే ఈమె కళ్లద్దాల గురించి రాసుకుంటోంది.

చంకలో థర్మామీటర్ పెట్టగానే పాప ఏడుపు అందుకుంది. జ్వరం కొద్దిగానే ఉంది. కాలి వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూసి, "ఇది మంచిగున్నది" అంది. తర్వాత చేతి గడియారం చూస్తూ నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టింది. యాభై రెండు.

పాపను ఎత్తుకుని లేచాను. "యాభై దాటింది గదా సిస్టర్. చీటీ రాసియ్యండి, పెద్ద దవాఖానకు పోతాం. లేకపోతే యాంటీబయోటిక్ అన్నా ఇయ్యండి."

"జర ఆగు అక్కా. ఏడ్చిన పిల్ల లెక్క నేను పట్టించుకోను. ఆ బల్ల మీద కూసొని పాలియ్యి. నిమ్మళమైనంక మళ్ల చూస్త."

కూర్చున్నాను. సిస్టర్ ఒక ముసలాయనకు బీపీ చూస్తూ, ఉప్పు తగ్గించమంటే పచ్చళ్ళు తింటున్నాడని కోప్పడుతోంది. కానీ ప్రతి రెండు మాటలకూ ఒకసారి ఆమె చూపు మా పాప పొట్ట మీదికి వచ్చి పోతోంది. అది గమనించాక నా ఊపిరి కొంచెం నెమ్మదించింది. పాప నిద్రపోయింది.

సిస్టర్ చప్పుడు కాకుండా స్టూలు జరుపుకుని వచ్చింది. "నువ్వు గూడ లెక్కపెట్టు అక్కా, ఇద్దరం ఒక్కపారే."

ఒక నిమిషం ముగ్గురం కదల్లేదు.

"నలభై రెండు" అంది సిస్టర్.

"ఎనభై నాలుగు" అన్నాను నేను.

ఆమె నన్ను చూసింది. "ఎట్ల లెక్కపెడుతున్నవ్? జర పైకి చెప్పు."

పాప పొట్ట లేచింది. "ఒకటి" అన్నాను. దిగింది. "రెండు" అన్నాను.

సిస్టర్ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. నేను నాకు చేతనైనంత సమర్థించుకున్నాను. బడిలో ఉచ్ఛ్వాసం ఒక ప్రశ్న, నిశ్వాసం ఇంకో ప్రశ్న. దేని మార్కు దానిదే.

"ఈడ రెండు కలిస్తెనే ఒకటి అక్కా."

"లెక్కల్ల డిగ్రీ" అంది అత్తమ్మ. ఈసారి అది దెప్పుడే, అనుమానం లేదు.

సిస్టర్ డాక్టరు గారికి ఫోన్ చేసింది. ఊపిరి లెక్క, జ్వరం, డొక్కలు, పాలు చెప్పి, "నానమ్మ కండ్లద్దాలు గుంజుతాంది సార్" అని కూడా చెప్పింది. ఆమె ఎందుకు రాసుకుందో అప్పుడు అర్థమైంది. ప్రమాదంలో ఉన్న బిడ్డకు కళ్లద్దాల మీద ధ్యాస ఉండదు.

"జలుబే అక్కా. యాంటీబయోటిక్ వద్దు, పెద్ద దవాఖాన వద్దు. ముక్కుల చుక్కలు ఇస్త. పాలు కొంచెం కొంచెం మాటిమాటికి పట్టు."

"పాపకు తేనె నాకియ్యొచ్చా సిస్టర్?" అని అడిగింది అత్తమ్మ.

"ఏడాది నిండేదాంక తేనె ముట్టియ్యకు అమ్మా."

నాకు ఇంకా భయం పోలేదు. "మీరు చూసింది తప్పైతే?" అని అడిగేశాను. అడిగాక నాలుక కరుచుకున్నాను.

ఆమె ఏమీ అనుకోలేదు. "అందుకే రేపు పొద్దున మళ్ల రమ్మంటాన. ఈలోపట పాలు తాగకపోయినా, డొక్కలు గుంజుకపోయినా, లేపితే లేవకపోయినా, ఊపిరి యాభైకి వచ్చినా ఈడికి గూడ రాకు, సీదా పెద్ద దవాఖానకు పో." మేం మెట్లు దిగుతుంటే గుమ్మం దాకా వచ్చి మళ్ళీ పిలిచింది. "అక్కా, నీ యాభై కాదు. నా యాభై."

ఆ రోజంతా నేను ఆమె యాభైతోనే లెక్కపెట్టాను. నలభై నాలుగు, నలభై, నలభై ఒకటి. మర్నాడు పొద్దున వెళ్ళగానే పాప సిస్టర్ మెడలోని ఐడీ కార్డు తాడు పట్టుకుని గుంజింది. సిస్టర్ దాన్ని వదిలించుకోకుండానే ఆ సంగతీ చీటీలో రాసింది. ఇద్దరం లెక్కపెడితే ఆమెకు ముప్పై తొమ్మిది, నాకు నలభై.

"ఒక్కటే తేడా. పాసైనవ్" అంది.

ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే సమయంలో అత్తమ్మ లేచి నిలబడింది. "నా మనవరాలి ఊపిరి ఎనభై నాలుగున్నది. మీరందరు ప్రార్థన చేసిండ్రు. రెండు గంటలల్ల ప్రభువు దాన్ని నలభై రెండుకు తెచ్చిండు." చర్చి మొత్తం చప్పట్లు కొట్టింది. నేను పాప టోపీ సర్దుతూ తల దించుకున్నాను.

ఆమె కూర్చున్నాక చెవిలో అన్నాను, "అత్తమ్మా, పాపకు ఎనభై నాలుగు ఎన్నడూ లేదు. నేను తప్పు లెక్కపెట్టిన."

"నాకెరుక లేదా?" అంది అత్తమ్మ. "నీ భయం గూడ ఆ లెక్కల్నే ఉండె. అది సగం తగ్గిందా లేదా?"

తగ్గింది. సరిగ్గా సగం.