అక్క చూడనన్న ముఖం

మా అక్క ఎదురుకాళ్లతో పుట్టింది. అలా పుట్టినవాళ్లకే అంజనం కనబడుతుందని మావైపు నమ్మకం. తమలపాకు మీద కాటుక రాసి అందులోకి చూడమంటారు. చేతబడి చేసినవాళ్ల ముఖం తేలుతుందట. పదహారేళ్లప్పుడు అక్క అట్లా చూసి ఒక ముసలామె ముఖం చెప్పింది. ఇక మంత్రం పలకకూడదని ఊరివాళ్లు ఆ ముసలామె పళ్లు ఊడగొట్టారు.

చాలా ఏళ్ల తర్వాత కోరుట్లలో బాప్తిస్మం తీసుకున్న రోజు అక్క ఇంట్లోని తాయెత్తులన్నీ తెంపి పొయ్యిలో వేసింది. నాకది సగం గెలుపనిపించింది. సైతాను కూడా లేడని మిగతా సగం కోసం వాదిస్తూనే ఉన్నాను. జగిత్యాలలో సభలు పెట్టి మంత్రాలు బూటకమని అరిచేవాణ్ని. మంత్రగాళ్ల మీద ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు, తగ్గకూడదు కూడా.

నిరుడు ఎండాకాలం అక్క మరిది గల్ఫ్ నుంచి కాళ్లు చచ్చుబడి మేడిపల్లి దగ్గరి తమ ఊరికి వచ్చాడు. డాక్టర్లు నరాల జబ్బన్నారు. ఇంట్లోవాళ్లు ఎదురింటి ముసలామె చేతబడి అన్నారు. వెల్గటూరు నుంచి అంజనం వేసేవాణ్ని పిలిపించి, అక్కే చూడాలని పట్టుబట్టారు.

నాకిదే అదననిపించి ఆ రోజు పొద్దున్నే అక్కింటికి వెళ్లాను. "పోయి చూడక్కా. ఏం కనబడలేదని అందరి ముందట చెప్పు. కత ఒడుస్తది."

బీడీలు చుడుతున్న అక్క చాట మీంచి తల ఎత్తలేదు. "చూస్తే కనబడ్తది తమ్మీ."

"ఏం కనబడ్తది? నూనె, మసి!"

"సైతాను లేడంటవు నువ్వు. ఉన్నడంట నేను. వాడు చూపిచ్చే మొఖం నాకొద్దు. నా కొట్లాట వానితోని, గా ముసల్దానితోని కాదు."

మంచంలోంచి మరిది అందుకున్నాడు. "మరి నీ దేవుడు నా కాళ్లు లేపుతడా వదినె?"

"లేపుమనే రోజూ అడుగుతున్న. గని గీ పని మాత్రం చెయ్య."

"అయితే నువ్వు చూడు బావా. సభలల్ల మస్తు చెప్తవు గద!"

అక్క నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు గూడ చూడకు." విడిపించుకుని వెళ్లాను.

మిట్టమధ్యాహ్నం, వాకిలి నిండా జనం. నవ్వడానికి సిద్ధపడి ఆకులోకి చూశాను. నల్లని మెరుపు కదిలింది. రెండు గుంట కళ్లు, లోపలికి పోయిన నోరు. ఎదురింటి ముసలామే. పొద్దుటి నుంచి చెవుల్లో పడ్డ పేరుకు మనసు బొమ్మ గీసింది, అంతే. ఆ సంగతి అప్పుడూ తెలుసు. అయినా తల వెనక్కి లాక్కున్నాను.

"ఏం లేదు" అన్నాను.

"మరి మొఖమెందుకు మాడింది బావా?"

"నమ్మనోనికే కనబడ్డదిరో!" ఎవరో కేక వేశారు.

నా మాట ఎవరూ వినలేదు. ఎదురింటి మీదికి ఉరికారు. అప్పటికే అక్క ఆ గడపకు అడ్డంగా కూర్చుని ఉంది. లేవమంటే లేవలేదు. ముసలామె మీదికి లేచిన కర్ర అక్క మణికట్టు మీద పడింది. పోలీసులు వచ్చాక ముసలామెను ఆటోలో సిరిసిల్లలోని కూతురి దగ్గరికి పంపేశారు.

జగిత్యాల ఆసుపత్రిలో, చీకటి మచ్చలో కన్ను ముఖాలెట్లా కల్పిస్తుందో అక్కకు చెప్పబోయాను. కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని కాసేపు విన్నది. ఆ వేళ్లు ఇక బీడీ చుట్టలేవని డాక్టరు అప్పుడే చెప్పి వెళ్లాడు.

"గది సరే. ఆటోల ముసల్దాని ఎంబడి ఎవరన్న పోయిండ్రా?"

ఎవరూ పోలేదు. నేనూ పోలేదు.