సైరన్ దాకా మూతపెట్టిన చాయ్

పిల్లలూ, మా అత్తకు లేవగానే గొంతులో చాయ్ పడకపోతే తెల్లవారనట్టే. బొగ్గుగని క్వార్టర్లలో ఉన్న ఆ రోజుల్లో నేను ఎంత పడుకున్నా అలసట తీరేది కాదు. "కుంభకర్ణుని చెల్లెవానే పిల్లా?" అని ఆమె దెప్పేది. బద్ధకమే కాబోలని నేనూ నమ్మాను.

చివరికి డాక్టర్ నాకు థైరాయిడ్ తక్కువగా ఉందని తేల్చి, పరగడుపున మాత్ర మింగి గంట దాకా చాయ్ ముట్టొద్దన్నాడు. మరునాడు అత్త ఎప్పటిలాగే చాయ్ కాచింది. నేను మాత్ర వేసుకోవడం చూసి గిన్నె మీద మూత పెట్టింది.

"నువ్వు తాగు అత్తమ్మా, సల్లారుతది."

"సల్లారనియ్యే. ఇంకో గంటకు గని సైరన్ కూస్తది, అప్పుడే ఇద్దరం తాగుదాం."

మందు ఒంటబట్టడానికి రెండు నెలలు పట్టింది. ఆ తర్వాత కూడా ఆమె కుంభకర్ణుని ఊసెత్తలేదు, నాకన్నా ముందు ఒక్కనాడూ చాయ్ తాగలేదు.