ఎవరి రెక్క వాళ్ళదే

పార్శిల్ ఆఫీసులో కాటా ముందు కూర్చునే తల నెరిసింది ఆమెకి. మూటలు, పెట్టెలు, గోనె సంచులు, ఒకసారి ఎవరో మహానుభావుడు పంపిన పాలరాతి ఏనుగు, అన్నీ ఆమె ముందు నిలబడి బరువు ఒప్పుకుని వెళ్ళినవే. ముల్లు ఊగడం ఆగేదాకా ఊపిరి బిగబట్టి చూసేది. "పిసరంత అటూ ఇటూ అయితే కొంపలేం మునిగిపోవు కదమ్మా" అని పై అధికారి ఒకరోజు విసుక్కుంటే, "కొంపలు మునగవండీ, న్యాయం మునుగుతుంది" అందిట. ఆయన ఆపైన ఆ కాటా ఛాయలకి రాలేదు. వీధివీధంతా ఆమెని కాటా పెద్దమ్మ అనే పిలిచేవారు.

ఆమెకి పెళ్ళి కాలేదు. చెల్లెలూ మరిదీ పోతే, వాళ్ళ ఇద్దరు మగపిల్లలు ఆమె ఒళ్ళోకొచ్చి పడ్డారు. పిల్లల్ని పెంచడం ఎవరూ నేర్పలేదు కాబట్టి తనకొచ్చిన విద్యతోనే పెంచింది. ఇంట్లోకి ఏది వచ్చినా ఒకడు కోయాలి, రెండోవాడు ఎంచుకోవాలి. రొట్టె, అరటిపండు, సబ్బు బిళ్ళ, ఆఖరికి దుప్పటి కూడా. కోసేవాడు కొలిచి కొలిచి కోసేవాడు. ఎంచుకునేవాడు ఒంటికన్ను మూసి అటూ ఇటూ చూసి మరీ ఎంచుకునేవాడు. పెద్దవాడికి జ్వరమొచ్చి చేదు మందు తాగుతుంటే, చిన్నవాడు "నా వాటా ఏది?" అని కాళ్ళు నేలకేసి కొట్టాడు. ఇరుగు పొరుగు ముక్కున వేలేసుకుని, పెంపకమంటే ఇదీ అన్నారు. పెద్దమ్మ పొంగిపోయింది. ఎవరైనా పొంగిపోతారు. మొక్క చేదో తీపో కాయ కాస్తే గానీ తెలియదు కదా.

కాసింది. పెద్దవాడు రొట్టెల భట్టీలో పనికి కుదిరాడు, చిన్నవాడు అచ్చాఫీసులో. ఇద్దరికీ పెళ్ళిళ్ళయ్యాయి. ఇల్లు ఒక్కటే. నడుమ హాలు, హాలుకి ఎడమ గది పెద్దవాడిది, కుడి గది చిన్నవాడిది, వెనక వంటిల్లు. హాలు నడిమధ్య పెద్దమ్మ మంచం. ఫ్యాను గాలి ఎవరి గదివైపు ఎక్కువ వస్తోంది, కుళాయి ఎవరు సరిగ్గా కట్టలేదు, గోడ మీద బల్లి ఎవరిది అని రోజూ ఏదో ఒక పంచాయతీ. పెద్దమ్మ ముల్లు చూసి తీర్పు చెప్పేది, వాళ్ళు వినేవారు.

వీధి తలుపు దగ్గర మాత్రం ఆమె తీర్పు పారలేదు. ఒంటి తలుపు అది. బందులు పెద్దవాడి గదివైపు, గడియ చిన్నవాడి గదివైపు. తలుపు తెరిస్తే వెళ్ళి పెద్దవాడి గోడకి ఢామ్మని కొట్టుకునేది. "మా గోడ ఏం పాపం చేసింది?" అని పెద్దవాడు. "నీకు చప్పుడే కదా, నాకు జనం! వచ్చినవాడల్లా నా కిటికీ ముందు నిలబడి గడియ వాయిస్తున్నాడు" అని చిన్నవాడు. చిలికి చిలికి గాలివాన అయింది. అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేశారు. ఇద్దరూ పెద్దమ్మతో మాత్రం విడివిడిగా ఒకే మాట అన్నారు: "హాలు మధ్య గోడ కట్టేస్తే పీడా పోతుంది."

గోడ రావలసిన చోట సరిగ్గా ఆమె మంచం ఉందని వాళ్ళలో ఎవరికీ తట్టలేదు. పెద్దమ్మకి తట్టింది. ఆ రోజు నుంచి ఆమెకి అన్నం సయించలేదు. గోడకి అటా, ఇటా? ఆర్నెల్లు వాడి దగ్గర, ఆర్నెల్లు వీడి దగ్గరా? పార్శిల్ ఆఫీసు మూల చిరునామా చెరిగిపోయిన మూటలు దుమ్ము కొట్టుకుని పడి ఉండేవి. తనూ అలాంటి మూటే కాబోతోందనిపించేది ఆమెకి. అడుగుదామంటే నోరు రాలేదు. అడిగితే ఏం చెబుతారో అని భయం. అందుకని గోడ మాట మరుగున పడేలా ఒక ఉపాయం పన్నింది.

"ఒంటి తలుపు తీసేసి రెండు రెక్కల తలుపు పెట్టిస్తాను. ఎడమ రెక్క పెద్దవాడిది, కుడి రెక్క చిన్నవాడిది. ఎవరి రెక్క వాళ్ళు తీసుకోండి, ఎవరి రెక్క వాళ్ళు వేసుకోండి. ఒకరి రెక్క మీద ఇంకొకరు చెయ్యి వేశారో, నా మీద ఒట్టే!"

వడ్రంగిని పిలిపించింది. ఆయనకి వీధిలో పేరు 'సరే మేస్త్రీ'. కాదనడం ఆయన నాలుక ఎరగదు. గుమ్మం వెడల్పు పెంచాలంటే ఎవరి గోడ కొట్టాలని మళ్ళీ తగువు కాబట్టి ద్వారబంధం పాతదే ఉంచమన్నారు. "సరే" అన్నాడు. దాంతో ఒక్కో రెక్కా పలకంత వెడల్పున తేలింది. పెద్దవాడు భట్టీ దగ్గర రొట్టెలు చేయడంలోనే కాదు, తినడంలోనూ చెయ్యి తిరిగినవాడు. ఒక రెక్కలోంచి ఆ బొజ్జ పట్టదు. "పక్కకి తిరిగి వెళ్తాలే, కానీ నా రెక్క నాదే" అన్నాడు.

అసలు చిక్కు పట్టీ దగ్గర వచ్చింది. రెండు రెక్కలు కలిసే చోట సందు పడకుండా ఒక రెక్కకి లోపలివైపు నిలువునా చెక్కపట్టీ కొడతారు. పట్టీ ఉన్న రెక్క రెండోదాని మీద ఒరుగుతుంది. అంటే పట్టీ ఉన్నది ముందు తెరుచుకుంటే గానీ రెండోది కదలదు. ఆ సంగతి వినగానే అన్నదమ్ములిద్దరూ లేచారు.

"అంటే వాడు దయతలిస్తే గానీ నేను బయటికి పోకూడదా?" అన్నాడు పెద్దవాడు పెద్దమ్మతో.

"ఆయనగారి రెక్క కింద నా రెక్క అణిగి పడుండాలా?" అన్నాడు చిన్నవాడు, అదీ పెద్దమ్మతోనే.

పట్టీ తన రెక్కకే కొట్టమని ఇద్దరూ చాటుగా మేస్త్రీని పట్టుకున్నారు. ఇద్దరికీ సరే అన్నాడు ఆయన. మర్నాడు మొహం వేలాడేసుకుని వచ్చి ఆ ముక్క కక్కేశాడు. అప్పుడు పెద్దమ్మ తన కాటా బుద్ధి ఉపయోగించింది. పట్టీని అడ్డంగా రెండు ముక్కలు చేయాలి. చిన్నవాడు కోయాలి, పెద్దవాడు ఎంచుకోవాలి. ఒక ముక్క పెద్దవాడి రెక్కకి పైభాగాన, రెండోది చిన్నవాడి రెక్కకి కిందిభాగాన. పైన పెద్దవాడిది ఒరుగుతుంది, కింద చిన్నవాడిది ఒరుగుతుంది. న్యాయం నాలుగు పాదాల మీద నడుస్తుంది!

మేస్త్రీ ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి అలవాటుగా "సరే" వచ్చింది.

బిగించిన రోజు ఆయన రెండు చేతులతో రెండు రెక్కలూ పట్టుకుని హాయిగా తెరిచి, హాయిగా మూసి చూపించి, చకచకా సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు. అంత తొందరేమిటో మర్నాడు తెల్లారుతూనే అర్థమైంది. పెద్దవాడు భట్టీకి పోదామని తన రెక్క లాగాడు. రాలేదు. కింద తమ్ముడి పట్టీ పట్టుకుని ఉంది. గట్టిగా లాగాడు. ఇల్లు కదిలింది గానీ రెక్క కదలలేదు. ఆ చప్పుడుకి లేచొచ్చి చిన్నవాడు తన రెక్క లాగాడు. పైన అన్న పట్టీ పట్టుకుని ఉంది. రెండు రెక్కలూ ఒకే క్షణాన, ఒకే ఊపున కదిలితే తప్ప ఆ తలుపు తెరుచుకోదు, మూసుకోదు. సమానమంటే అంత సమానంగా కుదిరింది.

ఒక్క మనిషి రెండు చేతులూ వేస్తే తీరిపోయేదే. కానీ అన్న రెక్క మీద తమ్ముడి చెయ్యి పడకూడదు, తమ్ముడి రెక్క మీద అన్న చెయ్యి పడకూడదు, పెద్దమ్మ మీద ఒట్టు. ఆ ఒట్టు వర్తించని మనిషి ఆ ఇంట్లో పెద్దమ్మ ఒక్కతే. పార్శిల్ ఆఫీసు వాళ్ళు ఆమెకి దండ వేసి ఇంటికి పంపి చాలా కాలమైంది. ఇప్పుడు ఇంట్లోనే కొత్త ఉద్యోగం దొరికింది. పెద్దవాడు వెళ్ళేటప్పుడు చిన్నవాడి రెక్క ఆమె పట్టుకోవాలి. చిన్నవాడు వచ్చేటప్పుడు పెద్దవాడి రెక్క ఆమె పట్టుకోవాలి. "ఒకటి, రెండు, లాగు!" "ఒకటి, రెండు, నెట్టు!" పొద్దస్తమానం ఇదే పాట. పోస్టుమాను ఆ పాట విని, లోపల ఎవరో బీరువా మోస్తున్నారనుకుని, సాయం కావాలా అని కేకేశాడు.

కోడళ్ళిద్దరి సంగతి వేరు. మొగుళ్ళు ఇంట్లో ఉంటే పెద్ద కోడలు ఎడమ రెక్క చాటున, చిన్న కోడలు కుడి రెక్క చాటున మూతి ముడుచుకుని నిలబడేవారు. వాళ్ళు అటు పనికి వెళ్ళగానే, లెక్కా పాటా లేకుండా ఇద్దరూ కలిసి ఒక్క గుంజు గుంజి తలుపు బార్లా తెరిచి, గడప మీద కూర్చుని బఠాణీలు ఒలుచుకుంటూ మొగుళ్ళని ఆడిపోసుకునేవారు. పెద్దమ్మ చూసీ చూడనట్టు ఊరుకునేది. ఈ గోల ఎలా ఉన్నా, గోడ మాట ఎత్తేవాళ్ళు లేరు కదా అని ఆమె సంతోషం ఆమెది.

వానలు పట్టాయి. చెక్క ఉబ్బింది. ఒక పొద్దున "ఒకటి, రెండు" అని పెద్దమ్మ లాగేసరికి తలుపు రాలేదు గానీ, భుజంలో కలుక్కుమంది. అబ్బా అని అక్కడే కూలబడింది. అన్నదమ్ములిద్దరూ పరుగెత్తుకొచ్చి, చెరో పక్కా పట్టుకుని, ఆ మోయడంలో కూడా సమానంగానే పట్టుకుని, మంచం మీద పడుకోబెట్టారు. చిన్న కోడలు కిటికీలోంచి కేకేస్తే ఎదురింటి వాళ్ళు వెళ్ళి ఎముకల డాక్టరుని తీసుకొచ్చారు. డాక్టరు బయట గొడుగు కింద నిలబడ్డాడు. లోపల పెద్దవాడు తన రెక్క దగ్గర, చిన్నవాడు తన రెక్క దగ్గర. లెక్క పెట్టేవాళ్ళు లేరు. పోనీ వాళ్ళే పెట్టుకుందామంటే మాటల్లేవు. వాడు లాగినప్పుడు వీడు ఊపిరి పీలుస్తున్నాడు, వీడు లాగినప్పుడు వాడు చెమట తుడుచుకుంటున్నాడు. డాక్టరు చూసి చూసి కిటికీ ఎక్కి లోపలికి దూకాడు. దూకి, ముందు తన మోకాలికి కట్టు కట్టుకుని, ఆ తర్వాత ఆమె భుజం చూశాడు.

"ఈ చెయ్యి ఇక బరువులు లాగకూడదు" అని చెప్పి, వచ్చిన దారినే కుంటుకుంటూ పోయాడు.

అప్పుడు మాట్లాడుకున్నారు అన్నదమ్ములు, ఇన్నాళ్ళకి.

"ఈ తలుపు పెద్దమ్మని చంపేసేలా ఉంది. గోడ కట్టేద్దాం" అన్నాడు పెద్దవాడు.

"కట్టేద్దాం" అన్నాడు చిన్నవాడు.

వాళ్ళు ఒక మాట మీదికి రావాలని ఆమె మొక్కని రోజు లేదు. వచ్చారు, ఈ మాట మీదికి. ఆమె కళ్ళు మూసుకుని నిద్ర నటించింది.

ఈసారి పెద్దవాడు కోయాలి, చిన్నవాడు ఎంచుకోవాలి. పెద్దవాడు సుద్దముక్క తీసుకుని నేల మీద గీత గీయడం మొదలుపెట్టాడు. ఇల్లు సమానంగా రాదని ఆమెకి ముందే తెలుసు. వంటిల్లు ఒకవైపు ఎక్కువ ఒరిగి ఉంది. ఎటు గీసినా ఒక వాటా పెద్దది, ఒకటి చిన్నది. తనని ఎందులో కలుపుతాడు? పెద్ద వాటాలో కలిపితే, ఈ ముసలిదాన్ని మోస్తున్నందుకు పైన ఇంకాస్త చోటు అని అర్థం. చిన్న వాటాలో కలిపితే, ఆ లోటుని తను పూడుస్తుందని అర్థం. ఇన్నేళ్ళు లోకాన్ని తూచిన మనిషి, రెప్పల సందులోంచి తన తూకం చూస్తూ పడుకుంది.

పెద్దవాడు గీశాడు, అరికాలితో చెరిపాడు. మళ్ళీ గీశాడు, మళ్ళీ చెరిపాడు. హాలంతా తెల్లబడింది. ఆఖరికి వంగుని, రొప్పుతూ, పెద్దమ్మ మంచం చుట్టూ ఒక గీత గీసి లేచాడు.

"ఇది ఒక వాటా. మిగతా ఇల్లంతా రెండో వాటా. ఎంచుకో."

చిన్నవాడు ఒంటికన్ను మూయలేదు. అటూ ఇటూ చూడలేదు. గీత దాటి లోపలికొచ్చి మంచం మీద చతికిలబడ్డాడు. "ఇది" అన్నాడు.

పెద్దవాడి మొహం మాడిపోయింది. "నువ్వు ఇల్లు తీసుకుంటావనుకున్నాన్రా."

"తెలుసు. నేను ఇల్లు తీసుకుంటే పెద్దమ్మని నువ్వు కొట్టేద్దామనేగా?"

"ఇది చెల్లదు. మళ్ళీ గీస్తాను."

"కోసినవాడు మళ్ళీ కోయడం ఎక్కడైనా ఉందా? కావాలంటే పెద్దమ్మని లేపి అడుగు."

"ఆ ఇల్లు నాకక్కర్లేదు" అంటూ పెద్దవాడు కూడా గీత దాటి వచ్చి మంచం రెండో చివర కూలబడ్డాడు. మంచం కిర్రుమంది.

వంటింటి గుమ్మంలోంచి పెద్ద కోడలు తల పెట్టింది. "అయితే ఇల్లు ఎవరికీ వద్దా?"

అన్నదమ్ములిద్దరూ మంచం పట్టెలు ఇంకాస్త గట్టిగా పట్టుకున్నారు.

"మేం తీసుకుంటాం" అంది చిన్న కోడలు తడుముకోకుండా. "మీరు ముగ్గురూ ఆ మంచం తీసుకోండి. పదక్కా, ముందా తలుపు సంగతి చూద్దాం."

ఇక నిద్ర నటించడం పెద్దమ్మ వల్ల కాలేదు. కళ్ళు తెరిచింది. "అడ్డగాడిదల్లారా! ఈ వాటాల పిచ్చి మీకెవరు నేర్పార్రా?" అంది.

"నువ్వే" అన్నారు ఇద్దరూ.

ఎంతటి అధికారికైనా ఎదురు జవాబు చెప్పిన మనిషికి ఆ పూట జవాబుకి బదులు ఏడుపొచ్చింది. పిల్లలు పుట్టెడు ప్రేమ పెట్టుకుని బల్లుల కోసం కొట్టుకుంటుంటే, తను అన్నం మానేసి వాళ్ళ మనసు అనుమానించినందుకు ఏడ్చింది. ఇల్లంత బరువు తూగినందుకూ ఏడ్చింది. మంచం మరోసారి కిర్రుమంది.

"దిగండ్రా, మంచం విరుగుతుంది" అంది ఏడుస్తూనే.

"ముందు వాణ్ణి దిగమను" అన్నాడు పెద్దవాడు.

"ముందు వాణ్ణి దిగమను" అన్నాడు చిన్నవాడు.