కోరుట్లలో తెగిన బెల్టు

సిరిసిల్లలో నా భార్య సుజాత చెల్లెలికి పూలుపండ్లు, అంటే నిశ్చితార్థం, మధ్యాహ్నం మూడు గంటలకు. అక్క వచ్చి తలలో పూలు పెడితేగానీ మిగతా తంతు మొదలవదు. ఇక ఫోటోలు తీసేది నేనే, జగిత్యాలలో నాది స్టూడియో. అందుకని తప్పకుండా పోవాల్సిన ప్రయాణం. తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులవి, సమ్మె వల్ల బస్సులు డిపోలు దాటడం లేదు. బంకులు కూడా మూసేస్తారేమోనని ముందురోజే స్కూటీ ట్యాంకు నింపి, ఉదయం ఎనిమిదికి బయల్దేరాం. కొడిమ్యాల, వేములవాడ మీదుగా పోతే రెండు గంటల దారి. ఊరు దాటగానే ఎదురొచ్చిన పాల వ్యాన్ డ్రైవర్ ఆపి, "అటు పోకుండ్రి, రోడ్డుకు అడ్డం బండరాళ్లు పెట్టిండ్రు. కోరుట్ల దిక్కు నుంచి తిరిగి పోండ్రి" అన్నాడు.

కోరుట్ల పేరు వింటేనే నాకు ఒళ్లు మంట. అక్కడ గంగాధర్ ఉన్నాడు, సుజాతకు మేనబావ. ఆయనకే ఇస్తారని చిన్నప్పటి నుంచీ అనుకున్న పిల్ల చివరికి నా ఇల్లాలైంది. "వాన్ని కాదని నీకిచ్చిన" అని మా మామ నాతో గొప్పగా చెప్పాడు కూడా. మరి గెలిచినవాడివి నీకెందుకయ్యా కుళ్లు అంటారా? ఆయన ఫోన్ వచ్చినప్పుడు సుజాత నవ్వే నవ్వు మీరు వినలేదు. పైగా వరుసకు నాకు అన్న అవుతాడు, నోరారా తిట్టుకోవడానికి కూడా లేదు!

మెట్‌పల్లి రోడ్డులో కోరుట్ల ఇంకో మూడు కిలోమీటర్లుందనగా బండి కింద టప్పుమని చప్పుడైంది. ఇంజన్ నడుస్తోంది, చక్రం మాత్రం కదలదు. గేర్లు లేని బండ్లకు గొలుసు ఉండదు, ఎడమవైపు కవర్ లోపల రబ్బరు బెల్టు ఉంటుంది. అది అరిగిందని తెలిసీ ఈ నెల, వచ్చే నెల అంటూ నడిపాను. ఎండలో ఊళ్లోకి తోసుకుంటూ వచ్చేసరికి పది. దుకాణాలన్నీ బంద్. "మా బావ షాపు ఉన్నది గదా" అంది సుజాత. ఆ మాట ఎప్పుడంటుందా అని మూడు కిలోమీటర్లు భయపడుతూనే వచ్చాను.

గంగాధర్ షాపు షట్టర్ కూడా దించే ఉంది. ఎదురుగా దీక్షా శిబిరం. ఒక్కో రోజు ఒక్కో పనివాళ్లు కూర్చునే రిలే దీక్ష అది. నిన్న టైలర్లు, రేపు ఆటో డ్రైవర్లు, ఈరోజు మా ఖర్మ కొద్దీ మెకానిక్‌లు. టెంటు కింద మెడలో బంతిపూల దండతో గంగాధర్, పక్కన ఊళ్లోని మిగతా మెకానిక్‌లంతా. దండ వేసుకుంటే ఇంత బాగుంటాడని నాకు తెలియదు.

"ఏం పిల్లా, గిట్ల అచ్చినవ్?" అన్నాడు.

"బెల్టు తెగింది బావా. మూడు గంటలకు సిరిసిల్లల ఉండాలె."

"పొద్దుమీకి నిమ్మరసం తాగేదాక నేను పాన ముట్టొద్దు. దీక్షల కూసున్నోడు పని చేస్తె ఇజ్జత్ ఉంటదా?" అని, జేబులోంచి తాళంచెవి తీసి నా చేతికి కాదు, ఆమె చేతికిచ్చాడు. "బెల్టు లోపట గోడకు ఉన్నది. తమ్మీ, బండి గిక్కడ పెట్టు. నేను చెప్త, నువ్వు ఇప్పు."

అలా నడిరోడ్డు మీద, చేతులు కట్టుకున్న మెకానిక్‌లందరి ముందు, నేను కవర్ విప్పాను. ఒకడు అటు తిప్పమంటాడు, ఒకడు ఇటు. తెగిన పోగులు ఏరేసి, ముందు పుల్లీ నట్టు తీసి, కొత్త బెల్టు ఎక్కించాను. "నట్టు అప్పుడే బిగియ్యకు. ఎనుక పుల్లీ ఇడదీసి బెల్టును లోపటికి ఒత్తు" అన్నాడు గంగాధర్. ఆయన చెప్పాడనే నేను ఒత్తలేదు. ఉక్రోషంగా బిగించి స్టార్ట్ చేస్తే బండి కీచుమని అరిచింది. నట్టు బిగుసుకున్నట్టు కనబడిందే గానీ మధ్యలో బెల్టు నలుగుతోంది. టెంటు టెంటంతా నవ్వింది. మళ్లీ విప్పాను. ఈసారి సుజాత కూర్చుని పుల్లీని రెండు చేతులా విడదీసి పట్టుకుంది, నేను బెల్టును లోపలికి నొక్కి నట్టు బిగించాను. బండి పలికింది.

ఆమె చేతులు కడుక్కోవడానికి షాపులోకి పోయినప్పుడు ఒక మెకానిక్ గంగాధర్‌ను గిల్లాడు: "మరదలు అచ్చిందని దీక్ష ఇడుస్తవనుకున్న."

"నాకే ఇస్త అన్నరు రా. నేనే ఒద్దన్న. గప్పుడు పాస్‌పోర్ట్ అచ్చింది, దుబాయ్ పోయే తొందర. పెండ్లి చేసుకొని పిల్లను ఇడిశిపెట్టి పోతె పాపం గాదా?"

పానలు ఏరుతున్న నా చెవిన పడింది ఆ మాట. ఇన్నేళ్లూ ఈ మనిషి నా భార్యను కోరుకున్నాడని కుళ్లుకున్నాను. వద్దన్నాడా? సుజాతనా? ఎంత పొగరు! బెల్టుకు మూడొందల యాభై ఇస్తే తీసుకోలేదు, ఆ నోట్లు శిబిరం చందా డబ్బాలో కుక్కి బండెక్కాను.

కథలాపూర్ దాటి రుద్రంగి దారిలో మళ్లీ ఆగాం. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు, దారి ఆపి వండి వడ్డించడం కూడా ఉద్యమమే. గరిటె పట్టుకున్న పెద్దమ్మ, "తినకుండ దాటిపోతరా? కూసో బిడ్డా" అని సుజాతకు విస్తరి వేసింది. తారు మీద కూర్చుని అన్నం, పప్పు కలుపుకుంటుంటే ఆపుకోలేక అడిగాను.

"మీ బావ నిన్ను ఒద్దన్నడంటగా?"

ఆమె ముద్ద ఆపింది. "ఔ. రెండొద్దులు అన్నం తినలే గప్పుడు."

"మరి నాకోసం ఎన్నడన్న మానినవా?"

"ఎందుకు మానుత? నువ్వు ఒద్దంటవేమోనన్న రంది నాకు ఎన్నడు లేకుండె" అని, పెద్దమ్మను పిలిచి ఇంకో గరిటె పప్పు వేయించుకుంది.

చందుర్తి, వేములవాడ మీదుగా సిరిసిల్ల చేరేసరికి మూడున్నర. మాకోసం ఆగారు. చెల్లి తలలో సుజాత పూలు పెడుతున్న ఫోటో నా స్టూడియోలో ఇప్పటికీ ఉంది, గోళ్ల సందున గ్రీజు కనబడుతుంది. ఆమె అన్నది మంచి మాటే, ఎవరైనా పొంగిపోవాల్సిన మాట. నేనూ పొంగిపోయాను, ఒప్పుకుంటాను. కానీ ఆ రెండు రోజుల పస్తు మాత్రం నాకు దక్కలేదు. దాని మీద కుళ్లు ఇంకా పోలేదు, పోదు కూడా. మీరు ఇలాంటి బండి మీద దూరం పోయేటట్టయితే, బెల్టు పళ్ల మధ్య సన్నని పగుళ్లు కనబడగానే మార్చేయండి, సీటు కింద ఇంకొకటి పెట్టుకోండి. నేను రెండు పెట్టుకుంటాను. కోరుట్ల మీదుగా పోవాల్సి వస్తే మూడు.