నీలం పెట్టిన తెల్ల పంచె

నిన్న పొద్దున ఫోన్ మోగింది. స్క్రీన్ మీద మాదేశన్న పేరు.

"ఏమన్నా, ఇప్పటికి గుర్తొచ్చిందా చెల్లెలు?" అని నేనే ముందు ఎత్తిపొడిచాను.

అటువైపు అన్న కాదు. వదిన. ఏడుస్తోంది.

హార్ట్ ఎటాక్ అట. హోసూరు హాస్పిటల్‌కు చేరేలోగానే అయిపోయిందట.

నాకింకా నమ్మకం కుదరడం లేదు. ఇది రాస్తూ కూడా ఆయన ఫోన్ వస్తుందేమోనని పక్కకు చూస్తున్నాను.

మాదేశన్న మా పెదనాన్న కొడుకు. హోసూరు, కృష్ణగిరి చుట్టుపక్కల ఎన్ని పెళ్ళిళ్ళకు వీడియో తీశాడో ఆయనకే తెలియదు. ఆయన తీసుకొస్తే స్టూడియోలో ఎడిటింగ్ నాది.

కానీ నిన్నటి నుంచి నా కళ్ళముందు పెళ్ళిళ్ళు లేవు. ఉద్దనపల్లిలోని మా పాత బావే కనిపిస్తోంది.

తొంభైల్లో మా పిల్లలందరికీ ఆ బావిలోనే పెద్దమ్మ ఈత నేర్పింది. పెద్దమ్మ అంటే అన్న వాళ్ళమ్మ. వీపుకు ఖాళీ డబ్బా కట్టి మెట్ల మీద నుంచి తోసేసేది. కేకలు పెడితే, "నోరు మూసి కాళ్ళాడించు!" అని పైనుంచి ఆమె కేక.

చాలా ఏళ్ళ తర్వాత ఆ పొలం లేఅవుట్‌కు పోయింది. బావి పూడ్చేస్తామన్నారు.

పెద్దమ్మ ఒక్కటే అడిగింది.

"గంగమ్మకు పూజ చేసి కడసారిగా ఒకతూరి ఈదుతానప్పా. నువ్వు వీడియో తియ్యి. మళ్ళా చూడాలంటే నాకింక బాయి యాడుంటుంది?"

అప్పుడే అన్న చేతికి ఒక చిన్న యాక్షన్ కెమెరా వచ్చింది. సబ్బుబిళ్ళంత ఉంటుంది, నీళ్ళు దూరకుండా దానికొక ప్లాస్టిక్ డబ్బా. మా వైపు అలాంటిది ఎవరూ చూడలేదు. అన్న దాన్ని చంటిబిడ్డలాగా ఎత్తుకుని తిరిగాడు.

పూజ అయింది. పెద్దమ్మ అందరి చేతులకూ ఎర్రదారం కట్టి, ఎర్రచీర గోచీ పోసుకుని దూకింది. అన్న వెనకే దూకాడు.

ఇంటికొచ్చి చూస్తే ఏముంది? అంతా గోంగూర ఉడికిన నీళ్ళ రంగు. ఎర్రచీర కాస్తా నల్లగా వచ్చింది.

పెద్దమ్మ ముఖం మాడిపోయింది. "గంగమ్మ పూజనాడు నాకు నల్లచీర కట్టిచ్చినావేమప్పా! ఇదా నేను దాచుకోవాల్సింది?"

నీళ్ళలో అన్నిటికంటే ముందు ఎరుపే మాయమవుతుందట. ఆ సంగతి మాకేం తెలుసు? మట్టి లారీలు వచ్చేలోగా ఆ ఎరుపును పట్టుకోవాలి. అన్నకు అదే పిచ్చి పట్టింది.

సముద్రంలో తీసేవాళ్ళు ఎర్ర ఫిల్టర్ పెడతారని ఎక్కడో చదివి, పెళ్ళి లైట్లకు కట్టే ఎర్ర జెలటిన్ కాగితం అంటించాడు. సముద్రం నీలం, మా బావి ఆకుపచ్చ. పెద్దమ్మ రసంలో ఈదుతున్నట్టు వచ్చింది! నవ్వలేక చచ్చాను.

రోజా రంగు కాగితం పెట్టాక పచ్చదనం కాస్త తగ్గింది. ఎండ నడినెత్తికొచ్చి బావిలోకి నిలువునా పడేదాకా ఆగేవాడు. తర్వాత ఒకటే గొడవ.

"దగ్గరికి రామ్మా! ఇంకా దగ్గరికి రా! మధ్యలో నీళ్ళుంటే ఎరుపంతా అవే తాగేస్తాయి."

ఎడిటింగ్‌లో ఒక సదుపాయం ఉంటుంది. బొమ్మలో తెల్లగా ఉన్నదాన్ని క్లిక్ చేసి "ఇది తెలుపు" అని చెబితే, మిగతా రంగులన్నీ దాన్ని బట్టి సర్దుకుంటాయి. అందుకని అన్న తన పంచెను మెడకు చుట్టుకుని దిగేవాడు. ముందు కెమెరాను తనవైపే తిప్పుకుని పంచెను చూపించి, ఆ తర్వాత పెద్దమ్మ వైపు తిప్పేవాడు.

నేను పంచె మీద క్లిక్ చేశాను.

అయ్యో, ఆ రంగు మీరు చూడాలి! పెద్దమ్మ ముఖానికి పసుపు రాసినట్టు వెచ్చగా. చీర ఎర్రగా, పండుమిరపకాయలాగా.

ఇంకో రోజు పంచెకు బదులు కొత్త తెల్ల కర్చీఫ్‌తో తీస్తే మళ్ళీ పాలిపోయింది. తప్పెక్కడుందో చాలాసేపటికి గానీ వెలగలేదు. పెద్దమ్మ ఉతికిన తెల్లబట్టలకు నీలం పెట్టిందంటే డబ్బా సగం ఒంపేస్తుంది. పంచెలోని ఆ నీలాన్ని కంప్యూటర్ తెలుపనుకుంది. దానికి విరుగుడుగా బొమ్మంతటికీ పసుపూ ఎరుపూ కలిపేసింది.

"ఇంకొంచెం నీలం వెయ్యమ్మా, నీ చెయ్యి బంగారం!" అని అన్న ఆమె చుట్టూ గంతులేశాడు.

పెద్దమ్మ టీవీ దగ్గరికి పోయి తెరను తడిమి చూసింది. "ఆఁ, ఇదీ నా చీర." మళ్ళీ, "ఇందులో నువ్వు యాడున్నావప్పా?"

"తీసేది నేను గదమ్మా. నేనెట్లుంటాను?"

తర్వాత బావి పూడింది. ఇప్పుడు దాని మీద ఎవరిదో ఇల్లు.

నిన్న ఆయన్ను మట్టిలో పెట్టి వచ్చాక పెద్దమ్మ నన్ను పిలిచి, "వాడు కదిలేది, నవ్వేది యాడన్నా ఉందా తల్లీ?" అని అడిగింది. అందరం ఫోన్లు వెతికాము. ఊరందరినీ వీడియో తీసినవాడిది ఒక్క వీడియో లేదు.

ఈ పొద్దున పాత హార్డ్ డిస్క్ తీశాను. బావి క్లిప్పుల్లో మొదటి ముక్క. ఎప్పుడూ నేను కత్తిరించి పారేసే ముక్క. పంచె చూపించడానికి కెమెరాను తనవైపు తిప్పుకున్న అన్న. బుగ్గలు పూరించుకుని, కళ్ళు చిట్లించి, నవ్వు ఆపుకుంటున్నాడు.

పంచె మీద క్లిక్ చేశాను.

అన్న ముఖానికి రంగొచ్చింది. చేతికి పెద్దమ్మ కట్టిన దారం ఎర్రగా వెలిగింది. చెయ్యి చాచినంత దూరంలోనే ఉన్నాడు కదా, మధ్యలో ఎరుపును తాగేసేంత నీళ్ళు లేవు. ఆ బావిలో తీసినవాటిలో అంత బాగా రంగొచ్చింది ఇంకోటి లేదు.

పెద్దమ్మ ఒళ్ళో ఫోన్ పెట్టాను. పొద్దుటి నుంచి ఆమె దాన్ని వదల్లేదు. మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని, తెరతో మాట్లాడుతోంది.

"దగ్గరికి రాప్పా. ఇంకా దగ్గరికి రా."

అన్నా, నువ్వు కావాలనిపిస్తోంది. ఆ బావి కావాలనిపిస్తోంది.

నీళ్ళు తేటగా, ఎండ నడినెత్తిన ఉండేచోట చల్లగా ఉండు. పోయిరా మాదేశన్నా.